మూడో స్తంభం నీడ

పాట అయిదున్నరకి మొదలవుతుందట, నేను నాలుగు కాకముందే వచ్చి కూర్చున్నాను, కాగితంలో అలాగే రాసి ఉంది. మా ఆవిడ చేతిరాత, గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. తొందరగా వచ్చేయి, ఆలస్యమైతే ఎండలో కూర్చోవాల్సి వస్తుంది, గేటు దాటగానే జనమంతా స్టేజీకి ఎదురుగా పరుగెత్తుతారు, నువ్వు ఎడమకి తిరుగు, పాత గ్యాలరీ ఉంటుంది, పైకప్పు ఎప్పుడో పోయింది, స్తంభాలు మాత్రం మిగిలాయి, మూడో స్తంభం పక్కన కూర్చో, నాలుగింటికి దాని నీడ రెండు చాపల వెడల్పు పడుతుంది. లెక్కపెట్టి మూడోది చూసుకున్నాను. నీడ సరిగ్గా రెండు చాపల వెడల్పే ఉంది. అదే నాకు మండింది. ఒక మైదానంలో ఒక స్తంభం నీడ ఏ వేళకి ఎంత పడుతుందో ఒక మనిషికి తెలిసిందంటే ఆ మనిషి అక్కడ ఎన్నిసార్లు కూర్చుని ఉండాలి, ఎవరి పక్కన కూర్చుని ఉండాలి. ఒక మనిషికి ఒక చాప చాలు. రెండో చాప మాట ఎందుకొచ్చింది. కాగితం చివర్లో ఇంకో మాట ఉంది, ఆమె పోయిన నెలకి కుట్టుమిషను సొరుగులో కత్తెర కింద ఈ కాగితం దొరికినప్పటి నుంచి ఆ మాట దగ్గరే ఆగిపోయాను. రాత్రి నిద్ర లేకపోతే మొహమాటపడకుండా పడుకో, పాట మొదలయ్యేటప్పుడు నేను లేపుతాను. ఎవరికి రాసిందో పేరు లేదు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నన్ను ఆమె పడుకోమన్నది లేదు. నాకు మొదటి బస్సు డ్యూటీ, నాలుగున్నరకి లేపేది, తలుపు మీద రెండుసార్లు కొట్టి వంటగదిలోకి వెళ్ళిపోయేది. మరి ఇక్కడ, ఈ గడ్డిలో, ఎవడు నిద్రపోతే లేపుతానంది. వాడు ఇవాళ వస్తాడు. ఆమె చెప్పిన చోటు వాడికి తెలుసు. వచ్చేదాకా కదలను.

గేటు దగ్గర ఒకమ్మాయి నా టికెట్ తీసుకుని చూడకుండానే చింపింది. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసినవాణ్ణి, చూడకుండా చింపితే ఒళ్ళు మండుతుంది. టికెట్ చేతిలోకి తీసుకోవాలి, తేదీ చూడాలి, స్టాపు చూడాలి, తర్వాత మనిషి మొహం చూడాలి. మొహం చివర. చాలామంది మొదట మొహం చూసి మోసపోతారు. టికెట్ లేనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు, లేదా నిద్ర నటిస్తాడు, లేదా మనం అడగకముందే ఎండ గురించి మాట్లాడతాడు. వాడి దగ్గర టికెట్ లేదని నాకు మూడు సీట్ల ముందే తెలిసిపోయేది. బస్సులో అంత దూరం నుంచి తెలిసేది, ఇంట్లో ఒక గోడ అవతల ఏం జరుగుతోందో పదకొండేళ్ళు తెలియలేదు. కాదు, తెలుసు, రుజువు లేదు. రుజువు తర్వాత దొరికింది, ఆమె బొత్తాల డబ్బా అడుగున. ఈ పాటల పండగ టికెట్లు, ఏడాదివారీగా, రబ్బరు బ్యాండు వేసి. పదకొండు ఏడాదులు, పదమూడు టికెట్లు. మొదటి రెండు ఏడాదులకి రెండేసి. ఒకటి చింపి ఉంది, ఒకటి చింపలేదు. మా అమ్మాయికి చూపిస్తే ఏముంది నాన్నా అంది. ఏముందో నాకు తెలుసు. చింపని టికెట్ అంటే కొన్నాక రాని మనిషి. మూడో ఏడాది నుంచి ఒకటే ఉందంటే వాడు తన టికెట్ తనే కొనుక్కోవడం మొదలుపెట్టాడు. ఇందులో అర్థం కానిదేముంది.

చెవుల్లో దూది పెట్టుకున్నాను. అదీ కాగితంలో ఉంది. వాయిద్యాలు సరిచూసుకునేటప్పుడే మోత ఎక్కువ, దూది పెట్టుకో, పాటకి ఒక చెవిది తీసెయ్యి. రెండు సీసాల నీళ్ళు, ఒకటి గడ్డకట్టించి తెచ్చుకో, అది కరిగేలోపు రెండోది తాగు. తడి తువ్వాలు మెడ చుట్టూ వేసుకో, నెత్తి మీద కాదు. పాత చెప్పులు వేసుకో, కొత్తవైతే తొక్కేస్తారు. టాయిలెట్లకి గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని మరీ కూర్చో. ఫోన్లు పనిచెయ్యవు, తప్పిపోతే ఐసు బండి దగ్గర నిలబడు. ఆఖరి పాటకి ముందే లే, తర్వాతైతే బస్సులో నిలబడే చోటు కూడా ఉండదు. అన్నీ చేశాను. అన్నీ నిజమే. మెడ చుట్టూ తువ్వాలు చల్లగా ఉంది, గాలి టాయిలెట్ల వైపుకే పోతోంది, చుట్టూ జనం మాడిపోతుంటే నేను నీడలో కూర్చుని చల్లటి నీళ్ళు తాగుతున్నాను. దోషి వాంగ్మూలంలో ఒక్క తప్పు కూడా దొరక్కపోతే తనిఖీకి వెళ్ళినవాడికి ఎలా ఉంటుందో అలా ఉంది. ఇంత తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కనాడు నోరు విప్పలేదు. ఏడాదికోసారి, ఎండలు ముదిరాక, ఒక ఆదివారం పొద్దున్నే స్కూలు యూనిఫారాల గుట్ట మిషను మీద నుంచి తీసి పక్కన పెట్టేది, పాటలకి వెళ్తున్నానండీ అనేది. ఎవరితో అంటే ఎవరూ లేరండీ అనేది. తిరిగి వచ్చాక మొహం ఒక వైపు మాత్రం కమిలి ఉండేది, ఆ వారమంతా ఇస్త్రీ చేస్తూ కూనిరాగం తీసేది, నా చెప్పుల చప్పుడు వినగానే ఆపేసేది. ఆపడం ఎందుకు. తప్పు లేనివాళ్ళు ఆపరు. మా ఊరి బడిలో అయిదు తరగతులకీ ఒకే మాస్టారు, ఆయన బయటికి వెళ్తే మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే పని నాది. నేను సుద్దముక్క పట్టుకోగానే గదంతా గప్‌చుప్. ఆ గప్‌చుప్‌లో ఎవడు ముందు నోరు మూశాడో వాడి పేరే రాసేవాణ్ణి. మాస్టారు ఒక్కసారి కూడా కాదనలేదు. నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం, మౌనం దగ్గరే తప్పు ఉంటుంది.

ఒక ఏడాది బస్‌స్టాపులో కాపు కాశాను. ఆఖరి బస్సుకి ముందు బస్సు దిగింది, ఒక్కతే, చంకలో చాప, చేతిలో ఖాళీ సీసాలు. ఒక్కతే దిగితే ఏం, తోడొచ్చినవాడు ఒక స్టాపు ముందు దిగిపోయి ఉంటాడు, నేను చూడనివాణ్ణా, టికెట్ లేనివాళ్ళంతా చేసేది అదే. నన్ను చూసి మీరేంటి ఇక్కడ అంది. ఊరికే అన్నాను. ఇద్దరం ఇంటికి నడిచాం. దారంతా ఆమె ఏదో చెప్పాలని చూస్తున్నట్టే ఉంది, నేను చాప వైపు చూస్తున్నాను, దాని మీద ఒక మనిషి కూర్చున్న మడతలా, ఇద్దరివా అని. ఇంటికొచ్చాక ఏం చెప్పాలనుకున్నావు అని అడిగాను, ఏం లేదండీ అంది. ఇప్పుడు ఆమె ఫోటో బీరువాలో బోర్లా ఉంది. మా అమ్మాయి మొన్న వచ్చి గోడకి మేకు కొట్టింది, ఫోటో ఏది నాన్నా అంది. విషయం తేలాక పెడతాను అన్నాను. అది సుత్తి చేతిలోనే ఉంచుకుని నన్నే చూసింది. "నువ్వు ఉద్యోగం మానేసి ఆరేళ్ళయింది నాన్నా. అమ్మ బస్సు దిగిపోయింది, ఇంక వదిలెయ్యి" అంది. వదిలెయ్యను. పెళ్ళాం పోయిన దుఃఖం వేరు, మోసపోయిన దుఃఖం వేరు, రెంటికీ కలిపి ఏడవడం నాకు చేతకాదు. ముందు ఏదో ఒకటి తేలాలి. మేకు మాత్రం గోడకి అలాగే ఉంది.

అయిదుకి పావు తక్కువ. ఒక మనిషి వస్తున్నాడు. చంకలో చాప. గేటు దాటి జనం ఎదురుగా పోతుంటే అతను ఎడమకి తిరిగాడు. ఒకటో స్తంభం దాటాడు. రెండోది దాటాడు. రెండో సీసా మూత తీశాను, తాగలేదు. నా వయసే ఉంటుంది, రెండేళ్ళు చిన్నేమో, జుట్టు బాగానే ఉంది, మెడలో దారానికి ఒక కళ్ళజోడు, ముక్కు మీద ఒక కళ్ళజోడు. మెడ చుట్టూ తడి తువ్వాలు. నెత్తి మీద కాదు, మెడ చుట్టూ. వీడే. వచ్చి మూడో స్తంభం దగ్గర ఆగి, నన్ను చూసి, కొంచెం నొచ్చుకున్నట్టు నవ్వాడు. "పెద్దాయనా, కొంచెం జరుగుతారా, ఇక్కడ మావాళ్ళు కూర్చుంటారు." మావాళ్ళట. ఎవరు మీవాళ్ళు అన్నాను. "ఒకావిడ వస్తుంది, ప్రతి ఏడూ ఇదే చోటు ఆవిడది" అంటూ చాప పరిచి, పక్కన ఒక చాప పట్టేంత చోటు వదిలి, అక్కడ తన సంచి పెట్టాడు. ఆ చెయ్యి ఎంత అలవాటుగా ఉందో. ఎన్నేళ్ళుగా వదులుతున్నాడు ఆ చోటు. నా చెవిలో దూది తీసేశాను, రెండోదీ తీసేశాను. మీరేం చేస్తుంటారు అన్నాను. కళ్ళజోళ్ళ దుకాణం అన్నాడు. కళ్ళజోళ్ళు. ఆమె చివరి ఏళ్ళలో పెట్టుకున్న కళ్ళజోడు ఎక్కడ చేయించిందో నేను అడగలేదు. ఆవిడకి కళ్ళజోడు మీరే ఇచ్చారా అన్నాను. "భలే కనిపెట్టారే. సూది కన్నం ఆనట్లేదంటే నేనే చేసిచ్చాను. తెలుసా మీకు ఆవిడ?" తెలుసు అన్నాను. మొహం చూశాను, చివర్న చూడాల్సింది చివర్నే చూశాను. ఆ మొహంలో ఏమీ లేదు. కిటికీలోంచి బయటికి చూసే చూపు లేదు, నిద్ర నటన లేదు. కానీ బాగా ఆరితేరినవాళ్ళ మొహంలో కూడా ఏమీ ఉండదు. ఆవిడ వచ్చినప్పుడు మీరిద్దరే కూర్చుంటారా అని అడిగాను. ఇంకొక్క క్షణంలో తేలిపోతుంది, చెప్పు, నోరు విప్పు. అతను నా వెనక్కి చూసి చెయ్యి ఊపాడు.

"ఏమండీ, ఆ సంచి అక్కడ పెడితే జాగ్రత్తలక్కయ్య ఎక్కడ కూర్చుంటుంది, తలమీదా?" ఒకావిడ బుట్ట మోసుకుంటూ రొప్పుతూ వచ్చింది, ఆ కళ్ళజోడాయన భార్య, చెమటతో తడిసిపోయింది. "గేటు దగ్గర బుట్టంతా కెలికి చూశారు, మీరేమో చేతులూపుకుంటూ వచ్చేశారు. ఇంకా రాలేదా అక్కయ్య? ఎప్పుడూ మనకంటే ముందే ఉంటుందే." అప్పుడు నన్ను చూసింది. కళ్ళజోడాయన చెప్పాడు, ఈయనకి అక్కయ్య తెలుసట అని. జాగ్రత్తలక్కయ్య ఎవరని నేను అడగలేదు, అయినా ఆవిడే చెప్పేసింది, కొత్తగా వచ్చినవాళ్ళు ఎండలో దిక్కులు చూస్తుంటే పిలిచి కూర్చోబెట్టి తువ్వాలు ఇలా వేసుకో, నీళ్ళు అలా తాగు అని జాగ్రత్తలు చెబుతుందని ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారట, తామిద్దరూ మొదటి ఏడు వడదెబ్బ తగిలి పడిపోతే తనే నీడలోకి లాగిందట. మా ఆవిడ. ఇంట్లో ఉప్పు తక్కువైందంటే బదులు చెప్పని మనిషి. నాకు ఒక పేరు తెలిస్తే ఇక్కడ ఆమెకి ఇంకో పేరు. బుట్టలోంచి నాలుగు గ్లాసులు తీసి వరసగా పెడుతోంది ఆవిడ. నాలుగో గ్లాసు చూశాను. అడగాలి, ఇంకా అడగాల్సిందే, కానీ ముందు చెప్పాల్సింది ఒకటి ఉంది, దాన్ని ఎలా చెప్పాలో ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం నేర్పలేదు. ఆవిడ రాదు అన్నాను. పోయింది అన్నాను. ఎనిమిది నెలలైంది, ఆసుపత్రిలో, నాలుగు రోజులు.

గ్లాసు ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. కళ్ళజోడాయన ముక్కు మీది కళ్ళజోడు తీసి మెడలోది పెట్టుకున్నాడు, మళ్ళీ అదీ తీశాడు. స్టేజీ మీద ఎవరో డప్పు మీద రెండు దెబ్బలు వేసి సరిచూసుకుంటున్నారు. దూది లేకపోవడం వల్ల ఆ దెబ్బలు నా గుండెల్లో పడుతున్నాయి. నేను జేబులోంచి కాగితం తీశాను, రుజువు చేతిలో పెట్టి మొహం చూడటం నా పద్ధతి. ఇది ఎవరికి రాసిందో మీకు తెలుసా అన్నాను. ఆవిడ తీసుకుని చదివింది, చదువుతూ చదువుతూ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "మా అమ్మాయికి. నర్సు అది, రాత్రి డ్యూటీ. వచ్చే ఏడు తీసుకొస్తానంటే, దానికి రాసిస్తాను, పడుకుంటే నేను లేపుతానని చెప్పు అంది అక్కయ్య. ఇవాళ వస్తోంది, దారిలో ఉంది." కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది. నాకు తిరిగి ఇవ్వలేదు. అడగలేకపోయాను. ఏడు నెలలు తెల్లారుజామున లేచి చదివిన కాగితం. ఒక నర్సుపిల్ల. మరి ఆ నాలుగో గ్లాసు అమ్మాయిది. మరి ఆ చింపని టికెట్లు. ఆ మాట పైకే అన్నట్టున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ అంది, "మొదటి రెండేళ్ళూ పక్కన ఇంకో చాప పరిచేది పాపం, మావారు వస్తారు అనేది. రాలేదు. మూడో ఏడు ఒకటే చాప తెచ్చింది. ఏమక్కయ్యా అంటే, పోయారు అంది. ఇప్పుడు ఆయన దగ్గరికే వెళ్ళిపోయింది, మహాతల్లి."

ఎవరి దగ్గరికి అన్నాను.

"వాళ్ళాయన దగ్గరికి. తొమ్మిదేళ్ళయిందిగా ఆయన పోయి. తెలుసన్నారు, మరి ఇది తెలియదా? మీరేమవుతారు ఆవిడకి?"

వాళ్ళింటి దగ్గరే ఉంటాను అన్నాను. అబద్ధం కాదు. నేల మీద చెయ్యి పెట్టాను, గడ్డి వేడిగా ఉంది, నీడ అప్పుడే పక్కకి జరిగిపోయింది. రెండు టికెట్లు. ఇప్పుడు గుర్తొస్తోంది, ఇంతకాలం ఎక్కడికి పోయిందో. మంచం పక్కన బల్ల మీద, నా డ్యూటీ టోపీ మీద పెట్టింది మా ఆవిడ. నేను లేచి టికెట్లు చేతిలోకి తీసుకున్నాను. తేదీ చూశాను. వెనక్కి తిప్పి ముద్ర చూశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పెట్టి చూశాను. ఎవరిచ్చారు ఇవి అన్నాను. నేనే కొన్నానండీ అంది. ఎక్కడ, ఏ డబ్బుతో, ఇంకొకటి ఎవరికి. ఆమె నా వైపు చూసి, ఏం లేదండీ, అంది. టికెట్లు తిరిగి ఇచ్చేశాను. మరుసటి ఏడు కూడా పెట్టింది, అప్పుడు కూడా తనిఖీ చేశాను. ఆ తర్వాత పెట్టలేదు. లక్షల టికెట్లు చూసినవాడికి రెండు టికెట్లు ఏం గుర్తుంటాయి. ఎలా పోయారట ఆయన అని అడిగాను. తెలుసుకోవాలి కదా. "డ్యూటీలోనే. బస్సులో టికెట్లు చూసే ఉద్యోగం. మెట్టు మీద నిలబడినవాడు నిలబడినట్టే ఒరిగిపోయాడట. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, అదృష్టవంతుడు." మంచి చావే ఇచ్చింది. ఆవిడ ఆగలేదు. ఆయన ఎంత మంచివాడో చెబుతోంది. టికెట్ లేని ముసలమ్మ దొరికితే తన జేబులోంచి కొనిచ్చేవాడట. సాయంత్రం మిషను పక్కన కుర్చీ వేసుకుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడట, ఆమె పాడుతుంటే వింటూ. పాట ఆపితే ఏం, పాడు అనేవాడట. ఎవడు వాడు. ఎక్కడ దొరికాడు. నేను చూడని మనిషిని నా ఇంట్లో, నా కుర్చీలో, మిషను పక్కన కూర్చోబెట్టింది, తొమ్మిదేళ్ళు, ఇన్నాళ్ళూ నేను వెతికింది వాణ్ణే. ఒక్క ముసలమ్మని వదల్లేదు నేను, దించేశాను, వానలో కూడా దించాను. పేరు నాది, ఉద్యోగం నాది, మిగతాదంతా వాడిది.

ఆయన అలాంటివాడు కాదమ్మా అన్నాను.

ఆవిడ ఏడుపు ఆగింది. "ఏంటీ?"

నేను దగ్గరగా చూశాను అన్నాను, అలాంటివాడు కాదు, ఎవరికీ టికెట్ కొనివ్వలేదు, సూదిలో దారం ఎక్కించలేదు, ఆమె పాట ఒక్కటి కూడా వినలేదు.

కళ్ళజోడాయన భార్య చెయ్యి పట్టుకుని పోనీలే అంటున్నాడు. ఆవిడ విదిలించుకుంది. "పోయినవాళ్ళ మీద బురద జల్లుతారేం అన్నయ్యగారూ? ఆయన్ని మేం చూడలేదు, నిజమే. కానీ ప్రతి ఏడూ ఆవిడ చెబితే విన్నాం. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషికి తెలుస్తుందా, పక్కింటివాళ్ళకి తెలుస్తుందా? ఎప్పుడో మిమ్మల్ని టికెట్ లేకుండా పట్టుకుని ఉంటాడు. ఆ కక్ష ఇంకా కడుపులో పెట్టుకున్నారు."

స్టేజీ మీద ఒకమ్మాయి గొంతు సవరించుకుంది, మైదానమంతా నిశ్శబ్దమైంది. ఏదో ఒకటి అనబోయాను. "ఉష్, పాట" అంది ఆవిడ, చాప అంచు పట్టుకుని నాకు దూరంగా లాక్కుంటూ.